శనివారం లోయలో, ఆదివారం రేవులో: ఎన్సెనాడా ట్రిప్పులో ఎక్కడ తినాలి?

సాన్ డియేగో నుంచి వీకెండ్‌కి మెక్సికో పోదాం అనుకున్న ప్రతిసారీ మా వాట్సాప్ గ్రూపులో ముందు తేలాల్సింది హోటల్ రూముల సంగతి కాదు. "శనివారం నేను నీచు తినను" అని ఒకరు పెడతారు. కాసేపటికి ఇంకొకరు "నేను కూడా" అంటారు. చూస్తే కార్లో సగం మంది వెంకన్న భక్తులే. సీఫుడ్‌కి పేరుపడ్డ తీరానికి రెండే రోజులు వెళ్తున్నాం, అందులో ఒక రోజు సగం మందికి చేప ముక్క కూడా ముట్టరాదు.

ఈ చిక్కు విప్పుకోవడంలోనే నాకు ఆ దారిలో తిండి సంగతి బోధపడింది. మొదట్లో ఫోన్లో రేటింగులు చూసి పోయేవాణ్ణి. ఇప్పుడు రెండే చూస్తాను: కార్లో ఎవరెవరు ఉన్నారు, అక్కడికి చేరేసరికి టైమ్ ఎంతవుతుంది. ఆ దారిలో ఏ హోటలైనా ఒక పూట అద్భుతంగా ఉంటుంది, ఇంకో పూట ఉసూరుమనిపిస్తుంది.

దారి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. సాన్ యెసీద్రో దగ్గర బోర్డర్ దాటితే టిహువానా. అక్కణ్ణుంచి పసిఫిక్ పక్కనే టోల్ రోడ్డు. మూడు టోల్ గేట్లు, సుమారు వంద కిలోమీటర్లు, చివర ఎన్సెనాడా అనే రేవు పట్నం. మధ్యలో రొసారిటో దాటాక కాసేపటికి పుయెర్తో నుయెవో అనే చిన్న ఊరు. ఎన్సెనాడా నుంచి ఈశాన్యంగా అరగంట లోపలికి పోతే గ్వాదలూపె లోయ, ద్రాక్షతోటలు. తిండి విషయంలో మన ముందుండే దారులు ఈ నాలుగే: టిహువానా, పుయెర్తో నుయెవో, ఎన్సెనాడా, లోయ. అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు. కారుకి మాత్రం మెక్సికన్ ఇన్సూరెన్స్ విడిగా కొనాలి. మిగతా కాగితాల గొడవ ఎవరిది వాళ్లు చూసుకోండి, ఇక్కడ తిండి మాటే.

ముందు టైమ్ సంగతి చెప్తాను, ఎందుకంటే మొదటి ట్రిప్పులో నేను బోల్తా పడింది అక్కడే. మెక్సికోలో సముద్రపు తిండి పగటి తిండి. పొద్దున వేట నుంచి వచ్చిన సరుకు మధ్యాహ్నానికి అయిపోవాలి. చేపల టాకోల (చిన్న రొట్టెలో పెట్టి మడిచి తినేవి) బండ్లు, నిమ్మరసంలో ఊరబెట్టిన రొయ్యల సెవీచె కొట్లు సాయంత్రానికి చాలావరకు కట్టేస్తారు. రాత్రి వీధుల్లో కనిపించేవన్నీ మాంసం టాకోలు, అందులోనూ ఎక్కువ గొడ్డు మాంసం, పంది మాంసం. మనం అమెరికాలో శుక్రవారం ఆఫీసు ముగించుకుని బయల్దేరి, బోర్డర్ దాటి, రాత్రి తొమ్మిదికి ఎన్సెనాడాలో దిగి "మంచి ఫిష్ టాకో ఎక్కడ?" అంటే ఏం దొరుకుతుంది? దొరికే చోట టూరిస్టుల కోసం మళ్లీ మళ్లీ వేడి చేసినవి దొరుకుతాయి. నేను తిన్నాను, అందుకే చెప్తున్నాను.

అందుకని నా లెక్క ఇది: శనివారం లోయకి, ఆదివారం పొద్దున్నే ఎన్సెనాడా రేవుకి. పుయెర్తో నుయెవో సీజన్ ఉంటేనే. టిహువానా వెళ్తూనో వస్తూనో ఒక పూట. ఎందుకో చెప్తాను.

గ్వాదలూపె లోయ పేరు వినగానే అందరూ వైన్ అంటారు. నిజమే, వందకు పైగా వైనరీలున్నాయి. 1900 తర్వాత తొలి ఏళ్లలో రష్యా నుంచి మలకాన్ అనే మతశాఖ కుటుంబాలు వచ్చి ఇక్కడ పొలాలు చేసుకున్నాయి. వాళ్ల పాత ఇళ్లు, సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. కానీ తాగనివాళ్లకి కూడా లోయే మేలంటాను. కారణం కూరగాయలు. ఇక్కడ చాలా రెస్టారెంట్లు తమ పెరట్లోనే పండించుకుని, కట్టెల పొయ్యి మీద వండుతాయి. బీట్‌రూట్, క్యారెట్, గుమ్మడి నిప్పుల మీద కాల్చి, పైన పక్కనే ఓహోస్ నెగ్రోస్ నుంచి వచ్చే చీజ్ తురిమి పెడతారు. లోకల్ ఆలివ్ నూనెలో ముంచుకోవడానికి అప్పుడే కాల్చిన రొట్టె. మన శనివారం బ్యాచ్‌కి ఆ తీరం మొత్తంలో "అయ్యో, వీళ్లకేమీ లేదే" అన్న జాలిచూపు ఎదురవని చోటు ఇదొక్కటే.

లోయలో మళ్లీ రెండు రకాలు. ఒకటి, కోర్సుల మీద కోర్సులు వచ్చే టేస్టింగ్ మెనూ. రెస్టారెంట్లకి స్టార్లిచ్చే మిషెలిన్ గైడ్ 2024లో మొదటిసారి మెక్సికోకి వచ్చినప్పుడు ఇక్కడ అనిమలోన్, దమియానా, కోన్‌చాస్ దె పియెద్రా అనే మూడింటికి తలో స్టార్ ఇచ్చింది. అనిమలోన్‌లో పెద్ద ఓక్ చెట్టు కింద టేబుళ్లు. ఇలాంటి చోట వైన్‌తో కలిపి మనిషికి వంద డాలర్లు సులువుగా దాటిపోతుంది, కూర్చుంటే మూడు గంటలు. భార్యాభర్తలిద్దరే పెళ్లిరోజుకి వెళ్తే సరే. నాలుగేళ్ల పిల్లాణ్ణి వెంటబెట్టుకుని వెళ్తే మీకూ శిక్షే, పక్క టేబుల్ వాళ్లకీ శిక్షే. రెండోది, ఆరుబయట పొయ్యిలు పెట్టి, కావలసింది విడివిడిగా ఆర్డర్ చేసుకునే చోట్లు. షెఫ్ హావియెర్ ప్లాసెన్సియా నడిపే ఫింకా అల్తొసానో అలాంటిది. మాంసమే ఎక్కువ, అయినా పక్క వంటకాలతోనే ఒక శాకాహారి కడుపు నింపుకోవచ్చు. పిల్లలు మట్టిలో పరుగెడతారు, ఎవరూ ఏమీ అనరు. కుటుంబాలతో అయితే నా ఓటు రెండోదానికే.

లోయలో కష్టాలూ ఉన్నాయి. మెయిన్ రోడ్డు దిగితే చాలావరకు మట్టిరోడ్లే. ఎండ దిగగానే చలి కొరుకుతుంది, స్వెట్టర్ లేకుండా ఆరుబయట భోజనం అంటే వణుకే. ఆగస్టులో ద్రాక్షకోతల పండగ వెందిమియా జరుగుతుంది, అప్పుడు ముందుగా బుక్ చేసుకోకపోతే టేబుల్ దొరకదు. అన్నిటికంటే ముఖ్యం, డ్రైవర్ తాగకూడదు. మా బ్యాచ్‌లో శనివారం మందు కూడా ముట్టనివాడు ఒకడున్నాడు, స్టీరింగ్ వాడిదే. వెంకన్న దయ అని వాడి ముందే అంటాం, వాడు పళ్లు నూరుతాడు.

ఇక ఎన్సెనాడా. నన్నడిగితే ట్రిప్పు మొత్తం ఆదివారం పొద్దున కోసమే.

రేవు పక్కన చేపల మార్కెట్ ఉంది, జనం మెర్కాదో నెగ్రో అంటారు. లోపల ట్యూనా, రొయ్యలు, గుల్లలు, పొగబెట్టిన చేపలు ఐస్ మీద పరిచి ఉంటాయి. మన చేపల మార్కెట్ వాసనే, మన చేపల మార్కెట్ కేకలే. బయట వరసగా ఫిష్ టాకో కొట్లు. ప్రతి కొట్టు ముందూ ఒక మనిషి మెనూ కార్డు పట్టుకుని "పాసెలె, పాసెలె" అని లోపలికి రమ్మంటుంటాడు. ఇక్కడ తినొచ్చు, చెడ్డగా ఉండదు. కానీ నేను ఇక్కడ చేపలు చూసి, తినడానికి ఊళ్లోకి నడుస్తాను. పిలిచేవాడు లేని బండి దగ్గరే తిండి బాగుంటుంది. మనూళ్లో బజ్జీల బండికీ ఇదే సూత్రం కదా.

ఫిష్ టాకో పుట్టింది మా ఊళ్లోనే అని ఎన్సెనాడా అంటుంది, కాదు మా ఊళ్లో అని అవతలి తీరాన ఉన్న సాన్ ఫెలిపె అంటుంది. ఆ తగువు వాళ్లు తేల్చుకుంటారు. 1970 నుంచి నడుస్తున్న టాకోస్ ఫేనిక్స్ దగ్గర ఓసారి నిలబడి చూడండి. బజ్జీల పిండిలా జారుగా కలిపిన మైదాలో చేప ముక్కని ముంచి, వెడల్పాటి మూకుడులో జారవిడుస్తాడు. నూనె ఒక్కసారి పొంగి, సద్దుమణుగుతుంది. ముక్క బంగారు రంగుకి రాగానే తీసి మొక్కజొన్న టోర్టియా రొట్టెలో పెట్టి చేతికిస్తాడు. అంతే, వాడి పని అయిపోయింది. మిగతా పని మనది: సన్నగా తరిగిన క్యాబేజీ, పల్చటి తెల్ల క్రీమ్, ఉల్లి టమాటా ముక్కలు, రెండు మూడు రకాల సాల్సాలు, నిమ్మచెక్కలు పక్కన గిన్నెల్లో ఉంటాయి. ఎంత కావాలంటే అంత వేసుకోవాలి. మొదటిసారి వెళ్లినవాళ్లు అన్నీ దట్టించి, సగం చొక్కా మీద పోసుకుంటారు. తక్కువ వేసి, తల పక్కకి వంచి, టాకోని నిలువుగా పట్టుకోకుండా తినాలి. డబ్బులు చివర్లో. ఎన్ని తిన్నారని అడుగుతాడు, మీరు చెప్పిన లెక్కే లెక్క. ఒక్కో టాకో రెండు మూడు డాలర్ల దగ్గరే.

దీనికి పోటీ లా గెర్రెరెన్సె. 1960లో మొదలైన బండి. దాన్ని నడిపే సబీనా బందేరా పేరు, అమెరికన్ షెఫ్ ఆంథొనీ బోర్డైన్ టీవీలో మెచ్చుకున్నాక, ప్రపంచమంతా తెలిసింది. ఇక్కడ వేయించేదేమీ ఉండదు. కరకరలాడే మొక్కజొన్న తొస్తాదా అప్పచ్చి మీద పచ్చి గుల్లలు, రొయ్యలు, చేప సెవీచె, పైన అవకాడో. పేరున్నది ఎరీసో, అంటే ఒళ్లంతా ముళ్లుండే సీ అర్చిన్. దాని మీద ఆల్చిప్ప మాంసం వేస్తారు. నాలుక మీద పెట్టగానే వెన్నలా కరిగి, వెనకాల సముద్రపు నీళ్ల ఉప్పు తగులుతుంది. నాకు ప్రాణం. మా ఆవిడ ఒక్క ముద్ద తిని, ప్లేటు నా వైపు తోసింది.

కాబట్టి ఈ రెంటిలో ఏది? పచ్చిది తినే అలవాటు ఉంటే లా గెర్రెరెన్సె, లేకపోతే ఫేనిక్స్. పిల్లలకి, గర్భిణులకి, ప్రయాణంలో కడుపు గడబిడ అయ్యేవాళ్లకి పచ్చి గుల్లలు వద్దు, వేడి మూకుడులోంచి వచ్చేదే మంచిది. ఎన్సెనాడాలో క్రూజ్ ఓడ ఆగిన రోజు బండి దగ్గర లైన్ చాంతాడంత ఉంటుంది, పొద్దున్నే వెళ్లండి. ఇంకో హెచ్చరిక: ఆ బండ్ల మీద సీసాల్లో రకరకాల సాల్సాలుంటాయి. "మేం గుంటూరోళ్లం" అని అబనేరో సీసా వంచిన ఒకాయన పక్కనే నేనున్నాను. అబనేరో మిరప గుంటూరు సన్నం కంటే ఎన్నో రెట్లు ఘాటు. ఆయన తర్వాత పది నిమిషాలు సముద్రం వైపు తిరిగి మౌనంగా నిలబడ్డాడు. అసలు మనకి మిరపకాయ ఇచ్చిందే ఆ ఖండం, పోర్చుగీసువాళ్లు మోసుకొచ్చారంతే.

ఆదివారం మటన్ లేనిదే గడవదనే ఇంట్లోవాళ్లుంటే ఇంకో దారి ఉంది. లోయలో దోన్యా ఎస్తేలా హోటల్లో టిఫిన్ పొద్దున్నే మొదలవుతుంది, నెమ్మదిగా కాల్చిన గొర్రె మాంసానికి పేరు. తినని వాళ్లకి మొక్కజొన్న పాన్‌కేకులు. ఇక్కడ కూడా లైన్ తప్పదు.

పుయెర్తో నుయెవో విషయంలో నాది కాస్త కఠినమైన అభిప్రాయం. రెండు మూడు వీధుల ఊరు, ఎటు చూసినా లాబ్‌స్టర్ హోటళ్లే. 1950ల్లో జాలరి కుటుంబాలు తమ ఇళ్లలోనే వండిపెట్టడంతో మొదలైంది. లాబ్‌స్టర్‌ని నిలువుగా చీల్చి, నూనెలో వేయించి, పక్కన అన్నం, బీన్స్, చేతిరుమాలంత పల్చటి మైదా టోర్టియాలు, గిన్నెడు కరిగించిన వెన్న ఇస్తారు. ముక్క తుంచి, టోర్టియాలో బీన్స్‌తో చుట్టి, వెన్నలో ముంచి తినడం. నలుగురైదుగురు కలిసి వెళ్తే సరదాగానే ఉంటుంది, వెన్న మోచేతి దాకా కారుతుంది. పసిఫిక్ లాబ్‌స్టర్‌కి అట్లాంటిక్ దానిలా పెద్ద కొండీలు ఉండవు, తోక మాంసమే అంతా.

కానీ లాబ్‌స్టర్‌కి సీజనుంది. అది శరత్కాలంలో మొదలై చలికాలం చివర్లో ముగుస్తుంది. వేసవిలో వేట నిషేధం, మన కోస్తాలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా బోట్లు ఆపేసినట్టే. జూలైలో కూడా అక్కడ ప్రతి హోటల్లో లాబ్‌స్టర్ ఉంటుంది. ఎక్కణ్ణుంచి వస్తుందో చెప్పనక్కర్లేదు, ఫ్రీజర్లోంచి. నవంబరులో వెళ్తే ఆగండి, జూలైలో అయితే హారన్ కొట్టి ముందుకు పోండి.

శాకాహారులతో మాత్రం ఏ నెలలోనూ వద్దు. ఆ దారిలోనే ఒక హోటల్లో మాకు జరిగింది చెప్తాను. మా స్నేహితుడి అమ్మగారు నెల్లూరు నుంచి వచ్చారు, జన్మలో గుడ్డు కూడా ముట్టనావిడ. వెయిటర్ని "వెజిటేరియానో?" అని బీన్స్ గిన్నె చూపించి అడిగాను. "సీ, సీ" అన్నాడు. ఆంటీ టోర్టియాతో రెండు ముద్దలు తిన్నారు.

"అచ్చం ముద్దపప్పులా ఉంది నాన్నా. నెయ్యి కూడా బాగా పడింది."

నెయ్యి అనగానే నాకు గుండె జారింది. మళ్లీ వెయిటర్ని పిలిచి "మంతేకా?" అన్నాను. వాడి మొహం వెలిగిపోయింది. అది లేకపోతే రుచెలా వస్తుంది అన్నట్టు చేతులు తిప్పాడు. మంతేకా అంటే పంది కొవ్వు. ఆంటీ చెంచా కింద పెట్టి, నీళ్లు తాగి, ఎన్సెనాడా వచ్చేదాకా మాట్లాడలేదు. చివరికి "ముందే అడగాల్సింది కదా బాబూ" అన్నారు, అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

కాబట్టి వెజిటేరియన్ అనే మాట చాలదు. కొన్నిచోట్ల చికెన్‌ని మాంసం కింద లెక్కే వేయరు. పేరుపేరునా అడగాలి. "సిన్ మంతేకా" అంటే పంది కొవ్వు లేకుండా. "నీ కార్నె, నీ పోయో, నీ పెస్కాదో" అంటే మాంసం, కోడి, చేప ఏదీ వద్దని. ఎర్ర అన్నం తరచుగా కోడి నీళ్లతో, అంటే "కాల్దో దె పోయో"తో వండుతారు, అది కూడా అడగండి. మైదా టోర్టియాలో కొవ్వు కలిపే అలవాటుంది. మొక్కజొన్న టోర్టియా మామూలుగా మొక్కజొన్న, సున్నపు నీళ్లతో అయిపోతుంది, కాబట్టి ఎప్పుడూ "మయీస్" అనండి. గొడ్డు మాంసం తినని వాళ్లు "రెస్" అన్న మాట గుర్తుపెట్టుకోవాలి, అది ఆవు ఎద్దుల మాంసం. బోర్డు మీద ఉత్త "కార్నె అసాదా" అని ఉన్నా అదే. "అదొబాదా" పంది. "బిర్రియా" అసలు మేక మాంసం వంటకమే, కానీ టిహువానాలో ఎక్కువగా గొడ్డు మాంసంతో చేస్తారు. మటన్ అనుకుని ఆర్డర్ చేసేముందు అడగండి.

శాకాహారికి బండి మీద దొరికే నమ్మకమైన తిండి చెప్పనా? చీజ్ పెట్టిన మొక్కజొన్న కేసదియా, నొపాల్ అనే నాగజెముడు ఆకుల వేపుడు, ఉడికించిన మొక్కజొన్న కండె మీద నిమ్మరసం, కారం. ఆ కండె చూస్తే ట్యాంక్‌బండ్ గుర్తొస్తుంది, మయోనైజ్ వద్దని చెప్పడం మరిచిపోకండి, అందులో గుడ్డు ఉంటుంది. తాగడానికి ఎర్రటి "అగ్వా దె హమైకా" తీసుకోండి. అది మన ఎర్ర గోంగూర మొక్క కాయల చుట్టూ ఉండే ఎర్ర తొడుగులతో చేసే పానీయం. బీన్స్ గొడవ తర్వాత ఆంటీతో మళ్లీ మాట్లాడించింది అదే. "గోంగూరని షర్బత్ చేశారా!" అని గ్లాసు ఎత్తి వెలుతురులో చూశారు.

టిహువానా గురించి పెద్దగా చెప్పను. రాత్రి మాంసం టాకోలకి అది రాజధాని, కానీ గొడ్డు, పంది రెండూ మానేస్తే మిగిలేది తక్కువ. ఒక్క సీజర్స్ హోటల్ కోసం ఆగొచ్చు. అమెరికాలో మద్యనిషేధం నడుస్తున్న రోజుల్లో దాహం తీర్చుకోవడానికి జనం బోర్డర్ దాటేవాళ్లు. అలా వచ్చినవాళ్ల కోసమే 1924లో సీజర్ కార్దినీ హోటల్లో సీజర్ సలాడ్ పుట్టిందని చెప్తారు. ఇప్పటికీ అవెనీదా రెవొలుసియోన్ మీద అదే పేరుతో నడుస్తోంది. మీ టేబుల్ పక్కకే చెక్క గిన్నె తెచ్చి, కళ్లముందే కలుపుతారు. అందులో ఆంచొవీ చేపలు, గుడ్డు సొన ఉంటాయి, వద్దంటే ముందే చెప్పాలి. శుక్రవారం రాత్రి దాటేవాళ్లకి ఇదే తేలిక.

డబ్బుల గురించి మూడు మాటలు. బండ్ల దగ్గర పెసోలే ఇవ్వండి, డాలరు తీసుకుంటారు కానీ మారకం వాళ్ల ఇష్టం. కార్డు మెషీన్ "డాలర్లలోనా, పెసోల్లోనా" అని అడిగితే పెసోలు నొక్కండి, డాలర్లు నొక్కితే రేటు మనకి నష్టం. రెస్టారెంట్‌లో అడగందే బిల్లు రాదు. వెయిటర్ మర్చిపోయాడని చిరాకు పడకండి, తింటున్న వాళ్లని లేపడం అక్కడ అమర్యాద. "లా క్వెంతా, పోర్ ఫవోర్" అనాలి. మెనూ ధరలోనే పన్ను ఉంటుంది, టిప్పు 10 నుంచి 15 శాతం.

ఆదివారం మధ్యాహ్నం తిరుగు ప్రయాణంలో ఆకలితో బోర్డర్ లైన్లోకి వెళ్లకండి, పూర్తిగా తినేసి కూడా వెళ్లకండి. సాన్ యెసీద్రో దగ్గర ఆదివారం సాయంత్రం కార్లు గంటలకొద్దీ నిలబడతాయి. కార్ల మధ్య చుర్రోల (నూనెలో వేయించిన తీపి పిండివంట) సంచులు పట్టుకుని తిరిగేవాళ్లుంటారు. పోయినసారి లైన్లో రెండున్నర గంటలున్నాం. ఆంటీ అద్దం దించి, వేళ్లు చూపించి బేరమాడి, చక్కెర, దాల్చిన చెక్క పొడి అద్దిన చుర్రోలు ఒక సంచి కొన్నారు. కారంతా పొడే. ఒకటి నోట్లో పెట్టుకోబోతూ ఆగి, "మంతేకా?" అని ఆ కుర్రాణ్ణి ఆవిడే అడిగారు.